మొదటి సెలైన్ ఎక్కించే ముందు

బావ విజయవాడలో రుమటాలజిస్టు. లూపస్, వాస్కులైటిస్, కీళ్ళవాతం, ఇలా ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒంటి మీదికే తిరగబడే జబ్బులన్నీ ఆయన దగ్గరికి వస్తాయి. బామ్మర్ది హైదరాబాద్‌లో ఎంబ్రియాలజిస్టు. వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచే ల్యాబ్ చూసుకుంటాడు. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. ఒకే రోగిని ఆయన మందు పడకముందు చూస్తాడు, ఇతను మందు పడిపోయాక చూస్తాడు. అందుకే కలిసినప్పుడల్లా ఈ గొడవ. ఈసారి కూర్చుని రాసుకున్నాను. నన్నెవరూ తీర్పు చెప్పమనలేదు గానీ, నా మొగ్గు ఎటో దాచను.

బామ్మర్ది: బావగారూ, మీ జబ్బులవాళ్ళు మా ల్యాబ్‌కి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారండీ. పెళ్ళయి మూడేళ్ళు, పిల్లల్లేరు, పరీక్ష చేస్తే సున్నా. ఫైలు తిరగేస్తే వెనకెక్కడో సైక్లోఫాస్ఫమైడ్. అప్పుడు ఒక్క రోజు ముందు మా దగ్గరికి పంపి ఉంటే సరిపోయేది.

బావ: నీ దగ్గరికి నడిచి వస్తున్నాడు కదరా! అదెవరి చలవ? నా దగ్గరికి వచ్చిన రోజు వాడి కాళ్ళు వాచిపోయి ఉన్నాయి, మూత్రంలో ప్రొటీన్ పోతోంది, క్రియాటినిన్ రోజురోజుకీ పెరుగుతోంది. ఇంకొకడు దగ్గితే రక్తం. ఆ పూట నాకు కనబడేది కిడ్నీ, ఊపిరితిత్తి. పుట్టబోయే మనవడు కాదు.

బామ్మర్ది: ప్రాణమే ముందు, కాదనను. ప్రాణం ముందు కాబట్టి మిగతాది నోరెత్తకూడదని ఎక్కడుంది? ఆ మందు ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా! గబగబా విభజన చెందే కణాల డీఎన్ఏని ముడేసి చంపుతుంది. జబ్బును రగిలించే లింఫోసైట్లు అలాగే పోతాయి, మీకు కావలసిందీ అదే. కానీ వృషణంలో జరిగేదీ ఆ విభజనే. ఒక వీర్యకణం తయారు కావడానికి 74 రోజులు, అది ముదిరి బయటికి వచ్చేసరికి ఇంకో రెండు వారాలు. తయారీలో ఉన్నవి పోతే మూడు నెలల్లో మళ్ళీ వస్తాయి. వీటన్నిటికీ మూలమైన స్పెర్మటోగోనియా కణాలు పోతేనే చిక్కు. పైరు పోతే వచ్చే ఏడు వేసుకుంటాం, విత్తనాల గాదె తగలబడితే ఏం వేస్తాం?

బావ: టెస్టోస్టెరాన్ బాగానే ఉంటుందిగా.

బామ్మర్ది: అదే మోసం చేసేది. దాన్ని తయారుచేసే లేడిగ్ కణాలు మొండివి, మందును తట్టుకుంటాయి. గడ్డం, గొంతు, కాపురం అన్నీ మామూలుగానే ఉంటాయి. లోపల సున్నా అని ఆ మనిషికీ అనుమానం రాదు, మీకూ రాదు.

బావ: పాత పుస్తకం పట్టుకుని మాట్లాడకు. లూపస్ కిడ్నీకి ఇప్పుడు మేమిచ్చేది యూరో-లూపస్ పద్ధతిలో. రెండు వారాలకోసారి 500 మిల్లీగ్రాములు, ఆరుసార్లు. మొత్తం కలిపితే 3 గ్రాములు. పాత అమెరికా పద్ధతిలో నెలకోసారి, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు అర గ్రాము నుంచి గ్రాము దాకా, ఆరు నెలలు. దీనికి ఒకటిన్నర నుంచి మూడు రెట్లు. మాత్రల రూపంలోనైతే 60 కిలోల మనిషి రోజుకు 120 మిల్లీగ్రాములు మింగితే మూడు నెలలకే దాదాపు 11 గ్రాములు. చదరపు మీటరుకు 7.5 గ్రాములు దాటితే మగవాళ్ళలో ముప్పు బాగా పెరుగుతుందనీ, 4 లోపు ఉంటే తక్కువనీ క్యాన్సర్ చికిత్సల అనుభవం చెబుతోంది. నేనిచ్చే 3 గ్రాములు ఆ లెక్కన రెండు కూడా కాదు.

బామ్మర్ది: మొదటిసారికి కాదు. లూపస్ ఒక్కసారి వచ్చి ఊరుకుంటుందా? తిరగబెడుతుంది, మళ్ళీ ఇస్తారు. రోగి ఊరు మారతాడు, అక్కడి డాక్టరు ఇంకో ఆరు ఇస్తాడు. పుట్టినప్పటి నుంచీ ఈ మనిషికి మొత్తం ఎన్ని గ్రాములు పడింది అని రాసిన కాగితం ఒక్క ఫైల్లో చూపించండి.

బావ: ...రాయాలి. అది ఒప్పుకుంటాను.

బావ ఒప్పుకోవడం అరుదు కాబట్టి ఇది రాసుకున్నాను. తర్వాత కాసేపు ఆయనదే పైచేయి.

బావ: సరే, చెబుతాననుకో. చెబితే వార్డులో ఏమవుతుందో నువ్వు చూడలేదు. "పిల్లలు పుట్టకపోవచ్చు" అన్న ముక్క పడగానే రోగి కాదు, వాళ్ళమ్మ కూలబడుతుంది. సాయంత్రానికి మేనమామ దిగుతాడు. "మా వాడికింకా పెళ్ళే కాలేదండీ" అంటాడు. మర్నాడు మంచం ఖాళీ. ఎవరో ఏదో భస్మం ఇస్తారు, అందులో ఏ లోహం ఉందో తెలియదు. నాలుగు నెలలకి డయాలసిస్‌కి తీసుకొస్తారు. ఇంకా విను. కిడ్నీ మార్పిడి చేయించుకున్న కుర్రాడు పెళ్ళి కుదిరింది కదా అని చెప్పాపెట్టకుండా టాక్రోలిమస్ ఆపేస్తాడు. ఎందుకురా అంటే, ఈ మందులు వాడితే పిల్లలు పుట్టరని స్నేహితుడు చెప్పాడంటాడు. తల్లి ఇచ్చిన కిడ్నీ పోతుంది. టాక్రోలిమస్ పిల్లలకి అడ్డం కాదని వాడికి ఎవరూ చెప్పలేదు.

బామ్మర్ది: చివరి మాట మీరే అన్నారు చూశారా? ఎవరూ చెప్పలేదు. డాక్టరు నోరు విప్పని చోట స్నేహితుడు విప్పుతాడు.

బావ ఈ మాటకి వెంటనే జవాబివ్వలేదు. నాకైతే మొత్తం వాదనలో బరువైన చోటు ఇదే అనిపించింది. భయపడతారని చెప్పకపోతే, చెప్పాల్సిన ఒక మందు గురించి తెలియకుండా పోతుంది, భయపడక్కర్లేని పది మందుల గురించి అబద్ధం స్థిరపడుతుంది. రెండు నష్టాలూ ఒకే మౌనంలోంచి వస్తున్నాయి.

బామ్మర్ది: పోనీ మీరే చెప్పండి. మీరు రాసే మందుల్లో మగవాడు పిల్లల కోసం ఆపాల్సినవి ఏవి?

బావ: సైక్లోఫాస్ఫమైడ్. థాలిడోమైడ్, అది వీర్యంలోకి దిగుతుంది కాబట్టి. ఈ రెండూ ఖాయం. అజాతయోప్రిన్ ఆపక్కర్లేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపక్కర్లేదు. అడాలిముమాబ్ లాంటి టీఎన్ఎఫ్ సూదులు, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, ఏవీ ఆపక్కర్లేదు.

బామ్మర్ది: మెథోట్రెక్సేట్?

బావ: మూడు నెలల ముందు ఆపమంటాను.

బామ్మర్ది: ఎందుకు? 2020లో అమెరికన్ రుమటాలజీ కాలేజీ మార్గదర్శకాల్లో మగవాళ్ళు కొనసాగించవచ్చని రాశారు కదా. తండ్రి వాడినందువల్ల బిడ్డలకి లోపాలు పెరిగినట్టు కనబడలేదనేగా?

బావ: మందు డబ్బాలోని కాగితంలో మూడు నెలలని ఉంది. ఏ మందూ వాడని దంపతులకైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడతారు. ఆ ఇద్దరిలో ఒకరు నా రోగి బిడ్డ అయితే, ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెడతారు.

బామ్మర్ది: అంటే ఆ మూడు నెలలు రోగి కోసం కాదు, మీ కోసం.

బావ: (నవ్వి) కొంత నా కోసమే. కానీ ఆపితే కీళ్ళు మళ్ళీ వాస్తాయి, అదీ చూశాను. జబ్బు అదుపులో ఉన్నవాడికీ, వేరే మందు సరిపోయేవాడికీ ఒకలా చెబుతాను. ఆపితే మంచాన పడేవాడికి ఆపమని చెప్పను. మైకోఫినోలేట్ సంగతీ అంతే. ఆడవాళ్ళకి గర్భంలో అది ప్రమాదం, అందులో సందేహం లేదు. ఆ భయంతోనే 2015లో యూరప్ మందుల సంస్థ మగవాళ్ళని కండోమ్ వాడమంది. 2017లో సమాచారం మళ్ళీ చూసి సలహాను సడలించింది, భార్యాభర్తల్లో ఎవరో ఒకరు నమ్మకమైన గర్భనిరోధం వాడితే చాలంది. అమెరికావాళ్ళు మగవాడు కొనసాగించవచ్చన్నారు. వాళ్ళలో వాళ్ళకే పొత్తు కుదరలేదు, నన్ను పట్టుకుంటావేంటి?

బామ్మర్ది: పొత్తు కుదరలేదన్న సంగతి కూడా రోగికి చెప్పవచ్చు. అర్థం చేసుకుంటాడు. సరే, మీ జాబితాలో పేరు రాని మందొకటుంది. సల్ఫసలజైన్.

బావ: అది సాధువురా.

బామ్మర్ది: సాధువే, అందుకే ఎవరూ అనుమానించరు. కీళ్ళవాతానికి రాస్తారు, వెన్ను బిగిసే స్పాండిలైటిస్‌కి రాస్తారు, పెద్దపేగు పుండ్లకి రాస్తారు. అది కౌంట్ తగ్గిస్తుంది, కదలిక తగ్గిస్తుంది, కణాల ఆకారం చెడగొడుతుంది. 1979లోనే వైద్య పత్రికల్లో వచ్చిన సంగతి. మానేస్తే రెండు మూడు నెలల్లో మామూలైపోతుంది. ఈలోపు ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెబుతాను. కోడలికి స్కాన్లు. ట్యూబుల పరీక్ష. హార్మోన్ సూదులు. నాగప్రతిష్ఠ. మొగుడికి ఒక్క వీర్యపరీక్ష చేయించడానికి రెండేళ్ళు పడుతుంది, మగపిల్లాడిలో లోపమేమిటని. చేయించాక కౌంట్ తక్కువని తేలితే బలానికి మందులు రాస్తారు. "నువ్వు రోజూ ఏ మాత్ర వేసుకుంటున్నావు నాయనా?" అని ఒక్కరూ అడగరు. ఆ మాత్ర చీటీ జేబులోనే ఉంటుంది.

బావ: అందరికీ అలా కాదు. సల్ఫసలజైన్ వాడుతూ తండ్రులైనవాళ్ళు బోలెడుమంది. ముందే భయపడి మానేయక్కర్లేదు, ఆలస్యమైతే పరీక్ష చేయించి అప్పుడు మార్చాలి. పేగు జబ్బుకైతే తేలిక. చెడు చేసేది అందులోని సల్ఫా ముక్క, అది లేని మెసలజైన్‌కి మారిస్తే సరి. కీళ్ళకి మెసలజైన్ పనిచేయదు, అక్కడ వేరే మందు వెతకాలి. మారుస్తాను, వాడు అడిగితే.

బామ్మర్ది: అడగాలని వాడికి తెలిస్తే కదా అడిగేది!

ఇక్కడ నేనూ కల్పించుకున్నాను. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ మాటేమిటని అడిగాను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే యువకులు, జీవన్‌దాన్ అవయవదాన జాబితాలో ఎదురుచూసేవాళ్ళు నాకు గుర్తొచ్చారు. బావ చెప్పిందాన్ని బట్టి, కిడ్నీ చెడిపోవడమే సంతానశక్తికి పెద్ద దెబ్బ. ఒంట్లో మలినాలు పేరుకుంటే టెస్టోస్టెరాన్ పడిపోతుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మార్పిడి తర్వాత చాలామందిలో పరిస్థితి మెరుగుపడుతుంది కూడా. ఆ మందుల్లో జాగ్రత్తపడాల్సింది సిరోలిమస్, ఎవరోలిమస్ జంట గురించి. వృషణంలోని మూలకణాలు నిలబడటానికి కావలసిన ఎంటార్ అనే దారినే ఇవి మూసేస్తాయి. కౌంట్ పడిపోతుంది, టెస్టోస్టెరాన్ కూడా తగ్గవచ్చు. మందు మారిస్తే చాలామందిలో కోలుకుంటుంది. మార్చాల్సింది మార్పిడి డాక్టరే, రోగి ఇంట్లో కూర్చుని కాదు. బావ ఈ మాటని రెండుసార్లు చెప్పాడు.

బావ: ఇప్పుడు అసలు తగువుకి రా. నువ్వు ఒక్క రోజు అంటావు. ఊపిరితిత్తుల్లో రక్తం కారుతున్నవాడు, ఆక్సిజన్ మీద ఉన్నవాడు, మంచం చుట్టూ అమ్మా నాన్నా అక్కా. వాడికి ఒక డబ్బా ఇచ్చి బాత్‌రూంలోకి వెళ్ళమనాలా? మీ పరీక్షకి రెండు నుంచి ఏడు రోజులు నియమంగా ఉండాలంటారు. అన్ని రోజులు నేనాగితే వాడుండడు.

బామ్మర్ది: ఆక్సిజన్ మీద ఉన్నవాడి విషయంలో మీరే రైటు, అక్కడ నేను మాట్లాడను. కానీ మీ రోగులందరూ అలా రారు. ఎక్కువమంది నడిచి వస్తారు, బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూస్తారు. పైగా మీరు మొదట మూడు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఎక్కిస్తారు కదా? స్టెరాయిడ్ వీర్యపు మూలకణాలని చంపదు. ఆ మూడు రోజులే నాకు కావలసింది.

బావ: జ్వరంలో, అంత జబ్బులో తీసిన నమూనా ఏం బాగుంటుంది?

బామ్మర్ది: బాగుండక్కర్లేదు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం మిల్లీలీటరుకు కోటి అరవై లక్షల కంటే తగ్గితే తక్కువంటాం. ఆ లెక్క సహజంగా గర్భం రావడానికి. 1992లో బ్రస్సెల్స్‌వాళ్ళు ఇక్సీ పద్ధతి తెచ్చాక అండానికి ఒక్క కణం చాలు. గడ్డకట్టించి దాచిన వీర్యంతో తొలి గర్భాలు 1953లోనే అమెరికాలోని అయోవాలో వచ్చాయి, ఇదేమీ నిన్నటి వింత కాదు. నేను పట్టుబట్టేది ఒక్కటే, మొదటి సెలైన్ ఎక్కించే ముందు కావాలి. తర్వాత తీసిన నమూనాలో కణాలు కదులుతూ కనబడినా డీఎన్ఏ దెబ్బతిని ఉండవచ్చు. అందుకే చికిత్స నడుస్తున్నప్పుడూ, ఆపాక కనీసం మూడు నెలలూ గర్భం రాకుండా చూసుకోవాలి. ఈ సంగతి మీ చీటీ మీద రాస్తున్నారా?

బావ: నోటితో చెబుతాను.

బామ్మర్ది: పెళ్ళికానివాడికి?

బావ: ...అమ్మానాన్నల ముందు ఎలా చెప్పమంటావు?

బామ్మర్ది: వాళ్ళని బయట కూర్చోబెట్టండి. మందు వాడికి, శరీరం వాడిది.

బావ: సరే, నేనొకటి అడుగుతాను. దాచడం ఒక్కటే రక్షణ అన్నట్టు మాట్లాడతావు, నీ దుకాణం అది కాబట్టి. అసలు ఆ మందే ఇవ్వకపోతే? ఏంకా వాస్కులైటిస్‌కి రిటుక్సిమాబ్ సైక్లోఫాస్ఫమైడ్‌కి ఏమాత్రం తీసిపోదని 2010లోనే రేవ్ ట్రయల్ చూపించింది. లూపస్ కిడ్నీకి మైకోఫినోలేట్ సరిసమానంగా పనిచేస్తుందని 2009లో తేలింది. పాతికేళ్ళ కుర్రాడికి నేను ముందు ఆలోచించేది ఇవే. మనవాళ్ళకి ఖరీదు అందడానికి కారణం కూడా మీ హైదరాబాదే. 2007లో డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ తేకపోతే రిటుక్సిమాబ్ మాట సామాన్యుడి దగ్గర ఎత్తేవాళ్ళమే కాదు. అయినా ఇప్పటికీ సైక్లోఫాస్ఫమైడ్ ధరకి అది ఎన్నో రెట్లు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి రావాలా అని వాళ్ళు అడిగినప్పుడు నాకు చౌక మందే గుర్తొస్తుంది.

బామ్మర్ది: దీనికి నా దగ్గర జవాబు లేదు. మందు మార్చడమే మొదటి రక్షణ, మాది రెండోది. కానీ చౌక మందు ఎంచుకున్న రోజున దాని ఖరీదులో ఇది కూడా ఉందని చెప్పి ఎంచుకోండి.

తర్వాత టెస్టోస్టెరాన్ దగ్గర ఇద్దరూ ఒక పక్షమయ్యారు. సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తూ టెస్టోస్టెరాన్ సూదులు వేసి వృషణాన్ని నిద్రపుచ్చితే కాపాడవచ్చని 1997లో ఇటలీవాళ్ళు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు, అందులో రోగులు పదిహేనుమంది. అది నిలబడలేదు. 2020 మార్గదర్శకాలు ఆ పని వద్దనే అంటున్నాయి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే మెదడు నుంచి వృషణానికి వెళ్ళే ఆజ్ఞలు ఆగిపోయి కౌంట్ ఇంకా పడిపోతుంది. నీరసంగా ఉందని జిమ్‌లో ఆ సూది వేయించుకుని వచ్చేవాళ్ళ గురించి బామ్మర్ది తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

బావ: వీర్యం దాచాక ఆ గొట్టం ఎవరిది? వాడు చనిపోతే?

బామ్మర్ది: దాచే రోజునే కాగితం మీద రాయించుకోవాలి. 2020లో క్యాన్సర్‌తో చనిపోయిన ఒక యువకుడి నమూనా కోసం తల్లిదండ్రులు ఢిల్లీ హైకోర్టుకి వెళితే, 2024 అక్టోబరులో ఇమ్మని తీర్పొచ్చింది. నాలుగేళ్ళు తిరిగారు.

బావ: చూడు, వాడి శరీరం వాడిదన్నావు. చివరికి మనవడి కోసం కోర్టుకెక్కింది అమ్మానాన్నలే.

బామ్మర్ది ఈ దెబ్బకి నవ్వేశాడు గానీ, జవాబు చెప్పలేదు.

బావ: ఇంకో మాట. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో వచ్చే ఎనిమిదేళ్ళ పిల్లాడు. ఏం దాస్తావు?

బామ్మర్ది: ఏమీ దాచలేను. ఆ వయసులో వీర్యకణాలే ఉండవు. కణాలు పుట్టలేదు కాబట్టి మందు ఏమీ చేయదని కొందరనుకుంటారు, అది తప్పు, మూలకణాలు అప్పటికే ఉంటాయి. వృషణం ముక్క తీసి దాచే పద్ధతి ఇంకా ప్రయోగదశలోనే ఉంది. పదేళ్ళ వయసులో దాచిన ముక్కని పెద్దయ్యాక తిరిగి అమర్చడం 2025లో బ్రస్సెల్స్‌లో తొలిసారి జరిగింది. దాన్ని చూపించి మన పిల్లాడి తల్లికి ఆశ పెట్టలేను.

బావ: అందుకే మా పిల్లల డాక్టర్లు మొత్తం మోతాదు కిలోకి 168 మిల్లీగ్రాములు దాటనివ్వరు. రోజుకు రెండు చొప్పున పన్నెండు వారాలు, అంతే. ఇరవై కిలోల పిల్లాడికి మూడు గ్రాముల పైచిలుకు.

బామ్మర్ది: ఆ పిల్లాడు ఇరవై ఏళ్ళకి మీ దగ్గరికి లూపస్‌తో వస్తే, ఆ మూడు గ్రాములు మీ లెక్కలో ఉంటాయా?

బావ: తల్లి చీటీలు దాచి ఉంటే ఉంటాయి. సరేలే, కేస్ షీట్ మొదటి పేజీలో రెండు గళ్ళు పెట్టిస్తాను. ఇప్పటిదాకా మొత్తం గ్రాములు ఒకటి, వీర్యం దాచమని చెప్పామా లేదా ఒకటి. కానీ గడి నింపేది జూనియర్ డాక్టరు. ఆ వయసు కుర్రాడితో ఆ మాట నేను మాట్లాడలేను.

బామ్మర్ది: జూనియర్ చెబితే అదేదో చిన్న విషయం అనుకుంటాడు. మీరు చెబితేనే వింటాడు.

బావ: ఆ సంగతి నాకొదిలెయ్. నువ్విది చెప్పు. శనివారం రాత్రి బయాప్సీ వచ్చింది, ఆదివారం పొద్దున పంపించాను. విజయవాడ నుంచి నీ దగ్గరికి ఐదు గంటలు. తలుపు తీసేవాడుంటాడా?

బామ్మర్ది: ఆదివారం ల్యాబ్ ఉండదు.

బావ: సోమవారం నేను మందు మొదలెట్టేస్తాను మరి.

బామ్మర్ది: ముందు రోజు రాత్రి ఫోన్ చేయండి. నేనే వస్తాను.